పూర్వవర్గమును పిలుచు విధము



తాతగారి పేరు మనుమనికి పెట్టుట తెలుగువారి యిండ్లలో పూర్వాచారము. ఒకే యింట ఇద్దరు రామయ్యలున్నపుడు "రామయ్యా" యని కేక వేసినచో వీధిలో ఆడుకొనుచున్న చిన్న రామయ్య పలుకును. అరుగు మీది పెద్ద రామయ్య ఊరకుండును. పెద్దవారే కావలసినచో "తాతగారూ" యని వేఱుగా పిలువవలెను. పేరొకటే యయినను పిలుపును బట్టి పలుకువారు మాఱుదురు.

కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయుటకు నేడు వాడుకలోనున్న అనేక భాషలలో సరిగా ఇట్టి చిక్కే గలదు. పూర్వుల నుండి సంక్రమించిన కార్యమును అదే పేరుతో తిరిగి వ్రాసికొన్నపుడు పాత కార్యమును పిలుచుట ఎట్లు? పిలువకున్నచో కలుగు నష్టమేమి? ఈ రెండు ప్రశ్నలకును ఈ పాఠమున సమాధానము చెప్పబూనితిమి.

పారిభాషిక పదములు

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున. అచటి పుస్తకములలోని పదములు కొన్ని మన పిల్లలకు అలవాటు లేనివి. పై తరగతులలో మీకు ఎదురగునవి ఇంగ్లీషు పదములు. కావున రెండింటిని కలిపి చెప్పుచున్నాము.

వర్గము — క్లాస్. ఒక జాతి వస్తువులకు ఏయే లక్షణములుండునో, అవి ఏయే కార్యములు చేయునో తెలుపు నమూనా. క్లాస్ అను మాటకు తరగతి యను అర్థము కూడ గలదు; మన ఉదాహరణములో తరగతి వేఱుగా వచ్చును గనుక ఇచట వర్గము అనియే వాడుదుము.
వస్తువు — ఆబ్జెక్ట్. ఆ నమూనా ననుసరించి ఏర్పడిన ఒక వ్యక్తి లేక పదార్థము.
కార్యము — మెథడ్. వస్తువు చేయు పని.
లక్షణము — ఆట్రిబ్యూట్, లేక ఫీల్డ్. వస్తువు దాచుకొను విషయము.
వారసత్వము — ఇన్‌హెరిటెన్స్. ఒక వర్గపు లక్షణములును కార్యములును మఱియొక వర్గమునకు సంక్రమించుట. ఇచ్చునది పూర్వవర్గము, పొందునది వారసవర్గము.
పునర్నిర్వచనము — ఓవర్‌రైడింగ్. సంక్రమించిన కార్యమును అదే పేరుతో వారసవర్గము తిరిగి వ్రాసికొనుట.

ఒక పాఠశాల పట్టిక

ఒక పాఠశాల వారు తమ పిల్లల పట్టికను కంప్యూటరులో నుంచదలచిరనుకొందము. మొదట "వ్యక్తి" యను వర్గము నేర్పఱచిరి. దానిలో పేరు, మాతృభాష అను రెండు లక్షణములు గలవు. దాని నుండి "విద్యార్థి" యను వారసవర్గమును తీసి, దానికి తరగతి యను లక్షణమును చేర్చిరి. ఆ ప్రోగ్రాము పైథాన్ అను భాషలో ఈ విధముగా నుండును:

క్లాస్ వ్యక్తి:
    డెఫ్ __ఇనిట్__(తాను, పేరు, మాతృభాష):
        తాను.పేరు = పేరు
        తాను.మాతృభాష = మాతృభాష
    డెఫ్ సంబోధన(తాను):
        రిటర్న్ "శ్రీ "
    డెఫ్ పరిచయము(తాను):
        రిటర్న్ తాను.సంబోధన() + తాను.పేరు + ", మాతృభాష " + తాను.మాతృభాష

క్లాస్ విద్యార్థి(వ్యక్తి):
    డెఫ్ __ఇనిట్__(తాను, పేరు, మాతృభాష, తరగతి):
        సూపర్().__ఇనిట్__(పేరు, మాతృభాష)
        తాను.తరగతి = తరగతి
    డెఫ్ సంబోధన(తాను):
        రిటర్న్ "చిరంజీవి "
    డెఫ్ పరిచయము(తాను):
        రిటర్న్ సూపర్().పరిచయము() + ", తరగతి " + తాను.తరగతి

క్లాస్, డెఫ్, ఇనిట్, రిటర్న్, సూపర్ అను అయిదు మాటలను యంత్రమున రోమను లిపిలో టైపు చేయవలెను. తక్కిన పేర్లన్నియు తెలుగు లిపిలోనే యుండవచ్చును. 2008లో వెలువడిన పైథాన్ 3 మొదలు ఈ సౌకర్యము గలదు. ఇనిట్ అనునది వస్తువు పుట్టినపుడు మొట్టమొదట జరుగు ఆరంభకార్యము. తాను అను మాట ఆ కార్యము ఏ వస్తువు కొఱకు జరుగుచున్నదో దానిని తెలుపును.

రాము, తెలుగు, 9 అను మూడు విషయములతో ఒక విద్యార్థిని సృష్టించి పరిచయమును కోరినచో వచ్చు సమాధానము: "చిరంజీవి రాము, మాతృభాష తెలుగు, తరగతి 9".

ఇందు సూపర్ అనునదియే మనము వెదకుచున్న పిలుపు. విద్యార్థి వర్గములో పరిచయము తిరిగి వ్రాయబడినది. అయినను వ్యక్తి వర్గపు పరిచయము చెఱిగిపోలేదు; అది తన చోటనే యున్నది. కొత్త కార్యము సూపర్ ద్వారా పాతదానిని పిలిచి, అది చెప్పినదానిని స్వీకరించి, దానికి తరగతిని చేర్చినది.

ఆ స్థలమున సూపర్‌కు బదులు తాను.పరిచయము() అని వ్రాసినచో ఏమగునో గమనింపుడు. తాను విద్యార్థి గనుక విద్యార్థి పరిచయమే మరల పలుకును. అది మరల తన్నే పిలుచుకొనును. బావిలో చేద దిగుచునే యుండును గాని నీరు పైకి రాదు. ఇట్టి పిలుపులు దాదాపు 1000 కాగానే పైథాన్ విసుగుకొని ప్రోగ్రామును ఆపివేయును; అదియే అచట ముందుగా నేర్పఱచిన హద్దు.

పిలువకున్న కలుగు నష్టము

ఈ నష్టము రెండు విధములు.

మొదటిది చప్పుడు చేయు నష్టము. విద్యార్థి ఆరంభకార్యములో సూపర్ వాక్యమును మఱచితిమనుకొనుడు. పేరు, మాతృభాష అను లక్షణములు ఆ వస్తువునకు ఏర్పడనే యేర్పడవు. పరిచయము కోరిన క్షణముననే "అట్టి లక్షణము లేదు" అని యంత్రము తప్పు పట్టును. దోషము వెంటనే తెలియును, దిద్దుకొందుము.

రెండవది చప్పుడు లేని నష్టము. ఆరంభకార్యము సరిగానే యున్నది, కాని పరిచయమును తిరిగి వ్రాయువారు పూర్వుని పిలువక, పేరును తరగతిని మాత్రము కలిపి వ్రాసిరనుకొనుడు. అపుడు "రాము, తరగతి 9" అని అచ్చగును. యంత్రము ఏ తప్పును పట్టదు. చూచువారికిని పట్టిక చక్కగానే కనిపించును. మాతృభాష మాత్రము అందులో లేదు.

మన వంటి చోట్ల ఇది చిన్న సంగతి కాదు. 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్ర విద్యామంత్రుల సమావేశము, ప్రాథమిక దశలో అన్యభాష మాతృభాషగా గల పిల్లలు పాఠశాల మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని యున్నచో, ఆ భాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయుడైనను ఉండవలెనని తీర్మానించెను. ఆ లెక్కకు ఆధారము పట్టికలోని ఆ ఒక్క గడియే గదా! మాతృభాష అచ్చుకాని పట్టికను బట్టి లెక్కించువారికి 40 మంది పిల్లలున్నను ఒక్కరును కనిపింపరు. వారసవర్గమును వ్రాసినవారికి భాషపై ద్వేషమేమియు లేదు. పూర్వుడు చేయుచుండిన పనిని పూర్తిగా చదువక తిరిగి వ్రాయుటయే వారి లోపము. కావున ఒక కార్యమును తిరిగి వ్రాయునపుడు మొదట వేసికొనవలసిన ప్రశ్న ఇది: పూర్వుడు చేయుచున్న పని నాకు పూర్తిగా అక్కఱలేనిదా, లేక దానికి కొంత చేర్చవలెనా? చేర్చవలసినదైనచో సూపర్ తప్పనిసరి.

మొదటి సూక్ష్మము: పలుకునది పూర్వుని వాక్యము, పలికించునది వారసుడు

రాము పరిచయములో "శ్రీ" రాక "చిరంజీవి" యేల వచ్చినది? సూపర్ ద్వారా పిలువబడినది వ్యక్తి వర్గపు పరిచయము గదా. దాని ప్రక్కనే "శ్రీ" యని చెప్పు సంబోధన యున్నది గదా యని మీకు సందేహము కలుగవచ్చును.

సమాధానమిది. సూపర్ అను పిలుపు వాక్యములను మాత్రమే పూర్వవర్గము నుండి తెచ్చును, వస్తువును మార్పదు. పూర్వుని వాక్యములు నడచుచున్నంతసేపును తాను అనగా రామే. అందుచే అచట తాను.సంబోధన() అని వచ్చినపుడు వెదకుట మరల రాముని వర్గము నుండియే మొదలగును, విద్యార్థి సంబోధన దొరకును, "చిరంజీవి" పలుకును. తాత నేర్పిన పాటను మనుమడు పాడినపుడు పాట తాతదే, గొంతు మనుమనిది.

ఇది లాభకరమే గాని జాగ్రత్తయు అవసరము. పూర్వవర్గపు వాక్యములలో తాను అని వచ్చిన ప్రతి చోటను, వారసుడు తిరిగి వ్రాసికొన్న కార్యమే నడచునని గుర్తుంచుకొనవలెను.

రెండవ సూక్ష్మము: ఎచట వ్రాసితిమో అచటి నుండి లెక్క

ఇపుడు మూడవ తరమును చేర్చుదము. విద్యార్థి నుండి "వసతివిద్యార్థి" యను వర్గమును తీసి, గది యను లక్షణమును చేర్చితిమి. దాని పరిచయము సూపర్‌ను పిలిచి, చివర గది సంఖ్యను చేర్చును.

సూపర్ అనగా "ఈ వస్తువు యొక్క వర్గమునకు పై వర్గము" అని పలువురు తలంతురు. ఆ యర్థమే నిజమైనచో ఏమి జరుగునో చూడుడు. రాము ఇపుడు వసతివిద్యార్థి. వాని పరిచయము పై వర్గమగు విద్యార్థిని పిలుచును. విద్యార్థి పరిచయములోను సూపర్ గలదు. వస్తువు రామే, వాని వర్గము వసతివిద్యార్థియే, దానికి పై వర్గము మరల విద్యార్థియే. విద్యార్థి విద్యార్థినే పిలుచుచు గానుగెద్దువలె తిరుగుచుండును. వ్యక్తి వఱకు ఎన్నటికిని చేరజాలదు.

కావున సూపర్ అర్థము ఇట్లు చెప్పుకొనవలెను: ఆ వాక్యము ఏ వర్గపు పాఠములో వ్రాయబడినదో, ఆ వర్గమునకు తరువాతి స్థానము నుండి వెదకుట మొదలు పెట్టవలెను. వసతివిద్యార్థిలో వ్రాసిన సూపర్ విద్యార్థికి పోవును. విద్యార్థిలో వ్రాసిన సూపర్ వ్యక్తికి పోవును. వస్తువు ఎవరిదైనను సరే.

పూర్వవర్గములు రెండైనపుడు

"తరువాతి స్థానము" అని మేము జాగ్రత్తగా అనుటకు కారణము గలదు. విద్యార్థి నుండియే "క్రీడాకారుడు" అను మఱియొక వర్గమును తీసి, దాని పరిచయములో సూపర్‌ను పిలిచి ఆట పేరు చేర్చితిమనుకొనుడు. రాము వసతిగృహమున నుండువాడును, కబడ్డీ యాడువాడును. వానికై ఇట్లు వ్రాయుదుము:

క్లాస్ వసతిక్రీడాకారుడు(వసతివిద్యార్థి, క్రీడాకారుడు)

ఇరువురు పూర్వులకును మూలపురుషుడు విద్యార్థియే. బొమ్మగా గీచినచో నాలుగు మూలల పతంగివలె నుండును. ఇపుడు ఇద్దరు పూర్వులను వేర్వేరుగా పేరు పెట్టి పిలిచి, వారు చెప్పినవి కలిపినచో "చిరంజీవి రాము, మాతృభాష తెలుగు, తరగతి 9" అను భాగము రెండుసార్లు వచ్చును. వసతివిద్యార్థి తన పాఠములో సూపర్ అనక విద్యార్థి పేరునే నేరుగా వ్రాసికొన్నచో కబడ్డీ మాట రానేరాదు.

పైథాన్ ఇందుకొక మార్గము చూపినది. వర్గములనన్నిటిని ముందుగా ఒక వరుసలో నిలుపును. ఏ వర్గమైనను తన పూర్వులకంటె ముందుండవలెను. పూర్వులు మనము వ్రాసిన క్రమముననే యుండవలెను. ఈ రెండును కుదురకున్నచో అట్టి వర్గమునే యంగీకరింపదు. మన రామునికి ఆ వరుస ఇది: వసతిక్రీడాకారుడు, వసతివిద్యార్థి, క్రీడాకారుడు, విద్యార్థి, వ్యక్తి. సూపర్ ఈ వరుసలో తరువాతివానికి పోవును. కావున వసతివిద్యార్థిలోని సూపర్, రాముని విషయమున, విద్యార్థికి పోక ప్రక్కవాడగు క్రీడాకారునికి పోవును! గది, ఆట అను లక్షణములు నింపబడినచో ఫలితము "చిరంజీవి రాము, మాతృభాష తెలుగు, తరగతి 9, ఆట కబడ్డీ, గది 4". ఒక్కొక్కరు ఒక్కసారి మాత్రమే పలికిరి. ఎవరి మాటయు లోపింపలేదు. ఈ వరుస కట్టు పద్ధతి డిలాన్ అను భాష కొఱకు 1996లో ప్రతిపాదింపబడి, 2003లో వెలువడిన పైథాన్ 2.3 లో ప్రవేశపెట్టబడినది.

వివిధ భాషలలో ఈ పిలుపు

వారసత్వమను భావము మొట్టమొదట సిమ్యులా 67 అను భాషలో కనబడినది. దానిని నార్వే దేశమున ఓస్లో నగరములో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనువారు రచించిరి. 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము వారికి లభించినది. ఆ భాషలో పూర్వవర్గపు పేరును కొత్త వర్గపు పేరునకు ముందు వ్రాయుదురు. మనము పేరునకు ముందు ఇంటిపేరు వ్రాయుట వంటిదే గనుక తెలుగు పిల్లలకు వింతగా తోపదు. అందు ఇంకొక విశేషము గలదు: వర్గపు పాఠమున పూర్వుని వాక్యములే ముందు నడచును, ఇన్నర్ అను మాట వచ్చినచోట పూర్వుడు ఆగి వారసునికి చోటిచ్చును. అనగా అచట పెద్దలు పిన్నలను పిలుతురు. పిన్నలు పెద్దలను పిలుచు సూపర్ పద్ధతి జిరాక్స్ సంస్థ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రమున పుట్టిన స్మాల్‌టాక్ భాష ద్వారా ప్రసిద్ధికెక్కినది.

బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ 1979లో ఆరంభించిన కృషి సి ప్లస్ ప్లస్ భాషగా రూపొందినది. అందు పూర్వవర్గపు పేరు వ్రాసి, రెండు జంట చుక్కలు పెట్టి, కార్యపు పేరు వ్రాయుదురు. ఏ పూర్వుడు కావలెనో స్పష్టముగా చెప్పవలసినదే.

1995లో ప్రకటింపబడిన జావా భాషలో ఒక వర్గమునకు పూర్వవర్గము ఒక్కటే, పిలుపు సూపర్. సూపర్‌కు సూపర్ అని తాతను నేరుగా పిలుచుటకు అచట వీలు లేదు. 2014లో వచ్చిన జావా 8 నుండి ఇంటర్‌ఫేస్‌లలో కూడ కార్యముల వాక్యములు వ్రాయవచ్చును గనుక, రెండు ఇంటర్‌ఫేస్‌ల నుండి ఒకే పేరు వచ్చినపుడు ఇంటర్‌ఫేస్ పేరుతో కలిపి సూపర్ అని వ్రాయుదురు. ఆరంభకార్యములో సూపర్ పిలుపు మొదటి వాక్యముగానే యుండవలెనని చిరకాలము నియమముండెను; 2025లో వెలువడిన జావా 25 దానిని కొంత సడలించినది. సి షార్ప్ భాషలో సూపర్‌కు బదులు బేస్ అందురు.

లక్షణముల విషయమున కూడ భేదము గలదు. జావాలో పూర్వునికిని వారసునికిని ఒకే పేరుగల లక్షణములున్నచో రెండును ఒకే వస్తువులో వేర్వేరుగా నుండును. పూర్వునిది కావలసినచో సూపర్ చుక్క పేరు అని చదువవచ్చును. పైథాన్‌లో వస్తువునకు సంచి ఒక్కటే, తాను.మాతృభాష అని ఎవరు చివర వ్రాసిన అదే నిలుచును, ముందటిది పోవును. పూర్వుడు తన సొంతమని దాచుకొన్న ప్రైవేట్ అంగములను మాత్రము జావాలో సూపర్‌తో పిలిచినను పొందజాలము.

తల్లిదండ్రులకు ఒక మాట

తెలుగు మాధ్యమమున చదువు పిల్లలు కంప్యూటరు విద్యలో వెనుకబడుదురేమోయను శంక మాతో పలువురు వెలిబుచ్చిరి. పైథాన్ భాషలో నియతపదములు 35 మాత్రమే. సూపర్, ప్రింట్ వంటి అంతర్నిర్మిత పదములు మఱికొన్ని. వీని అక్షరక్రమమును కొద్ది వారములలో నేర్వవచ్చును. కష్టమైన భాగము పైని చెప్పిన రెండు సూక్ష్మముల వంటిది, అది ఆలోచన. ఆలోచన పిల్లవానికి బాగుగా వచ్చిన భాషలో మొదట కుదురుకొన్నచో, ఇంగ్లీషు పుస్తకము చేతికి వచ్చునాటికి పదములు మాత్రమే క్రొత్తవి యగును. ఇంటి వద్ద పిల్లలు ఈ పాఠమును మీకు తెలుగులో వివరింపగలుగుదురేమో అడిగి చూడుడు. వివరింపగలిగిరేని వారికి పాఠము వచ్చినట్లే.

అభ్యాసము

1. వ్యక్తి నుండి "ఉపాధ్యాయుడు" అను వర్గమును తీసి, బోధించు విషయము అను లక్షణమును చేర్చుడు. మాతృభాష లోపింపకుండ పరిచయమును తిరిగి వ్రాయుడు.
2. విద్యార్థి వర్గము నుండి సంబోధన కార్యమును తొలగించినచో రాము పరిచయము ఎట్లు మాఱును? కారణము వ్రాయుడు.
3. వసతిక్రీడాకారుని పూర్వులను క్రీడాకారుడు, వసతివిద్యార్థి అను క్రమమున మార్చి వ్రాసినచో వరుస యేమి? పరిచయములో గది ముందు వచ్చునా, ఆట ముందు వచ్చునా?
4. విద్యార్థి ఆరంభకార్యములో మొదట తాను.మాతృభాష = "తెలుగు" అని వ్రాసి, తరువాత సూపర్ వాక్యము వ్రాసినచో చివరకు నిలుచునది ఏది?

సమాధానములను మొదట కాగితము మీద వ్రాసికొని, పిమ్మట యంత్రముపై సరిచూచుకొనుడు. రెండును కలియనిచోట పైని చెప్పిన వరుసను వ్రేలు పెట్టి మరల చదువుడు.